పన్నెండు వేల చుట్ల బండి

కారు అనగానే మనలో చాలామందికి మొదట తోచే ప్రశ్న "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?" అన్నది. రెండో ప్రశ్న "ఎంతమంది పడతారు?" అన్నది. ఈ రెండు ప్రశ్నలనూ లక్ష్యపెట్టని కారు ఒకటి ఇంగ్లండులో పుట్టింది. దాని పేరు టి.50. అందులో ముగ్గురికే చోటు. నడిపేవాడు సరిగ్గా నడుమ కూర్చుంటాడు. తక్కిన ఇద్దరూ, ఊరేగింపులో దేవుడికి చెరో పక్కన అమ్మవార్లలాగా, కాస్త వెనగ్గా కూర్చోవాలి. బండి వెనక భాగాన నలభై సెంటీమీటర్ల పంకా ఒకటి. ఈ కార్లు మొత్తం నూరంటే నూరే. ఒక్కొక్కదాని వెల, పన్నులు కాక, 23 లక్షల 60 వేల పౌన్లు. పౌను ఒక్కింటికి నూరు రూపాయలే వేసుకున్నా 23 కోట్ల 60 లక్షల రూపాయలన్నమాట!

ఇంతకూ దీని గొప్పేమిటంటే, దీని ఇంజను నిముషానికి 12,100 చుట్లు తిరుగుతుంది. మన వీధుల్లో తిరిగే పెట్రోలు కార్ల ఇంజన్లు ఆరువేలూ ఆరున్నరవేలూ దగ్గర చాలించుకుంటాయి. డీసెలు బండికి ఐదువేలు దాటడం గగనం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ కార్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మొన్న క్లాసులో 'వెల'కూ 'విలువ'కూ తేడా ఏమిటన్న చర్చ వచ్చింది. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "టి.50 కారు వెల తెలుసు గాని మాస్టారూ, దాని విలువ ఎంతంటారు?" అన్నాడు. క్లాసు గొల్లుమంది. గంట కొట్టినా ఆ ప్రశ్న నన్ను వదలక, నాతోపాటు లెక్చరర్ల గదిలోకి వచ్చి కూర్చుంది. అక్కడ దానికి వారం రోజులు మంచి మేత దొరికింది.

బండి వెనక మనిషి

ముందు ఈ బండి పుట్టుక సంగతి నాలుగు మాటలు. దీన్ని రూపొందించిన గోర్డన్ ముర్రే 1946లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుపట్నంలో పుట్టాడు. డర్బన్ అంటే మనకు మరీ పరాయి ఊరేమీ కాదు. 1860లో మద్రాసు నుంచి ఓడలు కూలీలను చెరకుతోటల పనికి చేరవేసింది అక్కడికే. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారి మనుమలూ మునిమనుమలూ ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

ముర్రే 1969లో ఇంగ్లండు చేరి, పందెపు కార్లు తయారుచేసే బ్రాభమ్ సంస్థలో కుదిరాడు. 1978లో అతను పందెపు కారు వెనక పెద్ద పంకా బిగించాడు. అది కారు అడుగున ఉన్న గాలిని లాగేసి, బండిని నేలకు అతుక్కునేటట్టు చేసింది. స్వీడన్ పందెంలో నికీ లౌడా ఆ కారు నడిపి అందరికంటే ముందు వచ్చాడు. తక్కిన జట్లు గగ్గోలు పెట్టాయి. ఆ ఒక్క పందెంతోనే దాన్ని విరమించుకోవలసి వచ్చింది. టి.50 వెనక ఉన్న పంకా ఆ పాత ఆలోచనకు కొత్త రూపం. ఇది ముర్రే వృత్తి జీవితంలో ఏభయ్యవ నమూనా. అందుకే ఆ పేరు. 2020లో లోకానికి చూపి, 2023లో తయారీ మొదలుపెట్టారు.

నుయ్యీ, రెండు బొక్కెనలూ

"చుట్లు ఎక్కువైతే ఒరిగేది ఏమిటండీ?" అని మా భౌతికశాస్త్రం మిత్రుణ్ణి అడిగాను. ఆయన సుద్దముక్క లేకుండా మాట్లాడలేడు. ఆ పూట మాత్రం నూతిగట్టు మీద పాఠం చెప్పాడు.

"ఒక నూతి దగ్గర ఇద్దరు నీళ్ళు తోడుతున్నారనుకోండి. ఒకడిది పెద్ద బొక్కెన. నిముషానికి మూడుసార్లు తోడతాడు. రెండోవాడిది కాస్త చిన్న బొక్కెన. కాని నిముషానికి పదిసార్లు తోడతాడు. ఎవడి తొట్టి ముందు నిండుతుంది?"

"రెండోవాడిదే."

"బొక్కెన పరిమాణం టార్కు. తోడిన సార్లు ఇంజను చుట్లు. తొట్టిలో పడ్డ నీళ్ళు పవరు. అంతే!"

లెక్క కూడా ఆయనే చూపించాడు. మన రోడ్ల మీద రాజకీయ నాయకుల వెంట బారులుతీరే టయోటా ఫార్చ్యూనర్ ఉంది చూశారూ, దాని 2.8 లీటర్ల డీసెలు ఇంజనుకు ఆటోమేటిక్ గేర్ల రకంలో టార్కు 500 న్యూటన్ మీటర్లు. టి.50ది 467 మాత్రమే. అంటే 23 కోట్ల కారు బొక్కెన ఫార్చ్యూనర్ బొక్కెన కంటే చిన్నది! కాని ఫార్చ్యూనర్ గరిష్ఠమైన పవరు మూడువేల పైచిలుకు చుట్ల దగ్గర 204 హార్స్ పవరు. టి.50ది 11,500 చుట్ల దగ్గర 663. పైగా ఫార్చ్యూనర్ రెండు టన్నులు దాటుతుంది. టి.50 బరువు 986 కిలోలే.

"మరి అందరూ అలాగే గిరగిరా తిప్పవచ్చు కదా?" అన్నాను.

"తిప్పితే ముక్కలు ఏరుకోవాలి" అన్నాడాయన.

కారణం పిస్టను. టి.50లో పన్నెండు సిలిండర్లు. ఒక్కొక్క పిస్టను 63.8 మిల్లీమీటర్ల దూరం పైకీ కిందికీ ఆడుతుంది. మన బొటనవేలంత దూరం! నిముషానికి 12,100 చుట్లంటే సెకనుకు 200 చుట్లు పైచిలుకు. ఒక్కొక్క చుట్టుకూ పిస్టను పైన ఒకసారి, కింద ఒకసారి ఆగాలి. అంటే సెకనుకు 400 సార్లు ఆగి, 400 సార్లు తిరిగి బయలుదేరాలి. అన్నిసార్లు ఆగుతూ కూడా దాని సగటు వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటుతుంది. ఈ కుదుపుకు తట్టుకోవాలంటే పిస్టను నడక పొట్టిగా ఉండాలి. లోపలి భాగాలు తేలికగానూ గట్టిగానూ ఉండాలి. కాస్‌వర్త్ అనే ఇంగ్లీషు సంస్థ చేసిన ఈ నాలుగు లీటర్ల ఇంజను మొత్తం తూగేది 178 కిలోలు.

పాత తగువే

చుట్ల మీద తగవు కొత్తదేమీ కాదు. హోండావారు 1999లో ఎస్2000 అనే కారు తెచ్చారు. రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు, 9,000 చుట్లు. జపానులో అమ్మినదానికి 250 హార్స్ పవరు. టర్బో సాయం లేకుండా లీటరుకు 125 గుర్రాలు పలికించడం అప్పటికి అబ్బురం. దాని వెల కూడా కలవారికి మాత్రమే అందేదేమీ కాదు. అయినా తిట్టినవారు తిట్టారు. ఆరువేల చుట్లు దాటితేగాని ఇంజను నిద్ర లేవదనీ, ఊళ్ళో నడిపితే మామూలు కారేననీ వాదించారు. నిద్రలేపడంలోనే ఉంది సరదా అని మెచ్చుకున్నవారన్నారు. 2004లో అమెరికాలో అమ్మేదానికి ఇంజను పెద్దది చేసి, చుట్ల హద్దు ఎనిమిదివేల ప్రాంతానికి దించారు. బొక్కెన పెంచి, తోడే సార్లు తగ్గించారన్నమాట.

టి.50 ఆ విమర్శకు ముందే జవాబు సిద్ధం చేసుకుంది. 2,500 చుట్ల దగ్గరే దాని టార్కులో 71 శాతం అందుతుందని తయారుచేసినవారు చెబుతున్నారు. అంటే బజారులో మెల్లగా పోతున్నప్పుడూ బండి మొరాయించదు.

కామర్సువారి కత్తి

అప్పటిదాకా పేపరు వెనక దాగిన మా కామర్సు లెక్చరరుగారు పేపరు మడిచారు. ఆయన పేపరు మడిచారంటే ఎవరికో మూడిందన్నమాటే.

"ఏమండీ తెలుగు మాస్టారూ! 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ సంగతి విన్నారా? విద్యుత్తుతో నడుస్తుంది. 1,020 హార్స్ పవరు. నిలుచున్నచోటి నుంచి 60 మైళ్ళ వేగం అందుకోవడానికి రెండు సెకన్లు చాలునంటారు. మీ టి.50 వెలకు అలాంటివి ఇరవై కొని, కొడుకులకూ అల్లుళ్ళకూ పంచవచ్చు. ఇరవయ్యీ బయలుదేరడంలో దీన్ని వెనక్కు నెట్టేస్తాయి. ఇంకేం పనితనమండీ ఇది? కవిగారి పద్యంలాగా వినడానికే గాని కడుపు నిండేది కాదు."

నన్ను పొడవడానికే పద్యం తెచ్చారని నాకు తెలుసు. జవాబు భౌతికశాస్త్రమే చెప్పింది.

"ఆ టెస్లా రెండు టన్నుల పైమాట. ఇది టన్ను లోపు. తిన్నని బాట మీద బాణంలా దూసుకుపోవడం ఒక విద్య. మలుపు తిరగడం, ఆగడం, నడిపేవాడి చేతికి నేల స్పర్శ తెలియడం వేరే విద్య. అందుకే ముర్రే గరిష్ఠ వేగం రికార్డుల వెంటా, సెకన్ల రికార్డుల వెంటా పడే ఆసక్తి తనకు లేదని ముందే చెప్పేశాడు. గేర్లు కూడా చేత్తో మార్చుకోవలసిందే. ఆరు గేర్లు, కాలి కింద క్లచ్చి."

"చేత్తో మార్చుకునే గేర్లు మా బావమరిది పాత మారుతీలో కూడా ఉన్నాయి" అన్నారు కామర్సువారు. గది గదంతా నవ్వింది. ఆ దెబ్బ ఆయనకే చెల్లింది.

చప్పుడూ నాదమూ

నాకు పట్టిన సంగతి మరొకటుంది. పన్నెండు సిలిండర్లు, ఆ చుట్ల మీద, సెకనుకు 1,210 సార్లు పేలుతాయి. అన్ని పేలుళ్ళు విడివిడిగా చెవికి వినిపించవు. కలిసి ఒక శ్రుతి అవుతాయి. ఎంత పైస్థాయి పాడే గాయనికైనా అందడం కష్టమైన శ్రుతి అది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అందులో పరుగెత్తిన విద్యుత్తు కార్లకు ఈలలాంటి సన్నని కూత ఉంది గాని, ఈ నాదం లేదు. ఇకముందు రోజులు వాటివే. పొగ తగ్గుతుంది, సంతోషం. కాని నూరేళ్ళకు పైగా లోహాన్ని చెక్కి, తూచి, సానపట్టి మనిషి నేర్చుకున్న ఒక విద్య చివరి మెట్టు ఎక్కుతున్నదన్నది కూడా నిజం. టి.50 ఆ మెట్టు మీద నిలిచిన బండి.

నాదమన్నానని మన కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళ సైలెన్సర్లు మార్చి, అర్ధరాత్రి వీధులు మేల్కొలపడాన్ని నేను మెచ్చుకుంటున్నానని అనుకోవద్దు. అలాంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డురోలరు కింద తొక్కించడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అది చప్పుడు. చప్పుడు చేయడానికి విద్య అక్కరలేదు.

దాచిన వీణ

ఇక విలువ సంగతి. కామర్సువారు చివరగా ఒక అస్త్రం వేశారు. ముర్రేయే రూపొందించి 1992లో బయటపెట్టిన మెక్లారెన్ ఎఫ్1 కార్లు మొత్తం 106 చేశారు. వాటిలో ఒకటి 2021 ఆగస్టులో అమెరికాలో వేలానికి వచ్చి రెండు కోట్ల డాలర్లకు పైగా పలికింది. "కొత్తప్పటి వెలకు ఎన్ని రెట్లో చూడండి. టి.50 కొన్నవాడు తెలివితక్కువవాడు కాడు. బంగారం కొన్నట్టే" అన్నారు. ఆయన కత్తి ఎటు తిరిగిందో చూశారా? ఇందాక దండగ అన్నదాన్నే ఇప్పుడు మదుపు అంటున్నారు!

నాకు ఆ వార్తలో వేరే సంగతి కనిపించింది. అంత వెల పలికిన ఆ కారు పాతికేళ్ళకు పైబడిన తన జీవితంలో నాలుగువందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. మన విజయవాడ నుంచి విశాఖపట్నం పోయేటంత దూరం! తిరగలేదు గనకనే అంత వెల. తీగలు మీటని వీణకూ, కట్ట విప్పని తాళపత్ర గ్రంథానికీ ఎక్కువ ధర కట్టడం లాంటిదిది. తాళపత్రం సంగతి నాకు కాస్త తెలుసు. విప్పి చదివి, నకలు రాసుకున్న వంశాల్లో కావ్యం బతికింది. పూజలో పెట్టి పసుపు పూసిన ఇళ్ళలో చెదలు తిన్నది. యంత్రానికీ అదే న్యాయం. 12,100 చుట్లు తిరగడానికి పుట్టిన ఇంజను గాజు గదిలో ఊరక పడి ఉంటే, దాని వెల పెరుగుతున్నకొద్దీ విలువ తరుగుతున్నదనే నేనంటాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ ముర్రేయే 2013లో 'ఆక్స్' అనే చిన్న లారీని రూపొందించి చూపించాడు. రోడ్లు సరిగా లేని పేద దేశాల పల్లెల కోసం చేసిన బండి అది. విడిభాగాలుగా పెట్టెలో పంపితే అక్కడే బిగించుకోవచ్చు. దానిలోనూ నడిపేవాడు నడుమనే కూర్చుంటాడు! 23 కోట్ల బండికీ, బస్తాలు మోసే బండికీ ఆ కుర్చీ ఒకటే. బరువు తగ్గించాలి, ప్రతి భాగమూ పనికి రావాలి అన్న బుద్ధీ ఒకటే.

ఆ వెనక బెంచీ కుర్రవాడికి నా జవాబు ఇది. నాయనా! టి.50 వెల నూరుగురు ధనవంతుల గొడవ. దాని విలువలో మాత్రం నీకూ వాటా ఉంది. ఆ పొట్టి పిస్టను లెక్క నేర్చుకున్న నీబోటివాడు రేపు మన రైతు పొలానికి తేలికపాటి ఇంజను ఒకటి చేసిపెడితే, ఆ వాటా వసూలైనట్టే.