ఉద్దానం కిడ్నీని ఏ కొలతతో కొలవాలి?

2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, జన్యువులు మార్చిన పంది కిడ్నీని బతికున్న మనిషికి మొదటిసారి అమర్చారు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందడి: "ఇక మన ఉద్దానం కష్టాలు తీరినట్టే!" రెండు నెలలు తిరక్కుండానే ఆ పేషెంటు చనిపోయారు. కొత్త కిడ్నీ వల్లే పోయారనడానికి ఆధారమేమీ లేదని హాస్పిటల్ చెప్పింది. ప్రయోగాలు సాగుతూనే ఉన్నాయి. మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది కూడా బోస్టన్‌లోనే, 1954లో, కవల సోదరుల మధ్య. అది మామూలు వైద్యంగా మారడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇదీ అంతే అనుకుంటాను.

నాకు అంతకంటే ఎక్కువ ఆశ కలిగించింది ఒక చిన్న మాత్ర. డాపాగ్లిఫ్లోజిన్ మొదట షుగర్ మందు. 2020లో వచ్చిన డాపా-సీకేడీ ట్రయల్‌లో 4,304 మంది కిడ్నీ రోగులకు సగం మందికి ఈ మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. షుగర్ ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ కిడ్నీ బాగా దెబ్బతినే ముప్పు, కిడ్నీ లేదా గుండె, రక్తనాళాల జబ్బుతో ప్రాణం పోయే ముప్పు కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. అదే ఏడాది ఇండియాలో పేటెంట్ ముగిసి జెనెరిక్ మాత్రలు వచ్చాయి, ధర బాగా దిగింది.

అయితే ఆ ట్రయల్‌లో చేరడానికి ఒక షరతు ఉంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఒక స్థాయికి మించి పోతూ ఉండాలి. ఉద్దానం సంగతి తేడాగా ఉండేది ఇక్కడే.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటలు, జీడితోటల మధ్య కిడ్నీలు పోగొట్టుకుంటున్న వాళ్లలో చాలామందికి షుగరూ లేదు, పాతబీపీ లేదు. షుగర్ రోగంలో దెబ్బతినేది కిడ్నీలోని జల్లెడ. జల్లెడ చిరిగితే ప్రొటీన్ కారుతుంది, మూత్రపరీక్షలో దొరికిపోతుంది. ఉద్దానంలో ఎక్కువగా చెడేది జల్లెడ కింది సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. ప్రొటీన్ పెద్దగా పోదు. పరీక్ష చేయిస్తే "అంతా బాగానే ఉంది" అని వస్తుంది. లాగ్‌లో ఎర్రర్ లేదు కాబట్టి సర్వర్ బాగానే ఉందనుకోవడం లాంటిది ఇది.

పోనీ రక్తంలో క్రియాటినిన్ చూద్దామా అంటే, దాదాపు సగం పనితనం పోయేదాకా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. పైగా క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. బక్కపలచని కూలీకి 1.1 వచ్చిందంటే, అదే అంకె వచ్చిన జిమ్ కుర్రాడితో సమానం కాదు. కండతో అంతగా ముడిపడని సిస్టాటిన్-సి పరీక్ష ఉంది గానీ, పల్లెటూరి ల్యాబుల్లో అది సులువుగా దొరకదు.

2022లో వచ్చిన ఎంపా-కిడ్నీ ట్రయల్ కొంత నయం. కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్లను అల్బుమిన్‌తో పనిలేకుండా చేర్చుకుంది. అల్బుమిన్ తక్కువున్నవాళ్లలో కిడ్నీ క్షీణించే వేగం కాస్త తగ్గినా, షరతు ఉన్నవాళ్లలో కనిపించినంత స్పష్టమైన లాభం తేలలేదు. ఉద్దానం లాంటి జబ్బు మీదే నేరుగా పరీక్షించాలి.

కారణం ఇంకా ఖాయంగా తేలలేదు. నీళ్లలోని సిలికా, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానాలున్నాయి. శ్రీలంక వరిరైతుల్లో, నికరాగ్వా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. నికరాగ్వాలోని ఒక చక్కెర మిల్లులో కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి పెంచితే కిడ్నీ దెబ్బలు తగ్గాయి. కారణం పూర్తిగా తేలకముందే చేయగలిగిన పని అది.

2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి శుద్ధిచేసిన వంశధార నీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇవి చిన్న సంగతులు కావు. కానీ డయాలసిస్ కుర్చీ దాకా రాకముందే మనిషిని గుర్తించాలంటే ప్రతి ఊళ్లో, ప్రతి ఏడూ రక్తపరీక్ష చేసి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసిపెట్టాలి. ఒక్క అంకె చూస్తే మోసపోతాం, నాలుగేళ్ల వరస చూస్తే జారుడు తెలుస్తుంది.

అటువైపు మనవాళ్లున్న మిత్రులు ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు క్రియాటినిన్ ఎంతుందో అడగండి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ తెగ మింగుతున్నారేమో కనుక్కోండి. పాత రిపోర్టు కాగితాలు పారేయొద్దని చెప్పండి. డాక్టరుకు అవి కావాలి.