తప్పుకు ఆధారం ఎలా పుడుతుంది?

రొట్టెను కాల్చే విద్యుత్ టోస్టర్‌ను ఎవరు కనిపెట్టారు? 1893లో ఎడిన్‌బరోలో ఒక స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడని వికీపీడియా పదేళ్లపాటు చెప్పింది. నిజానికి అలాంటి శాస్త్రజ్ఞుడు లేనే లేడు. 2012లో బ్రిటన్‌లో ఒక కాలేజీ విద్యార్థి సరదాకి తన మిత్రుడి పేరును అక్కడ చేర్చాడు. తర్వాత జీవిత చరిత్ర, ఫోటో కూడా చేరాయి. ఫోటో నిజానికి ఈ కాలపుదే! పాతకాలపుదిగా కనిపించేలా దానిని మార్చారు.

వికీపీడియాను ఎవరైనా దిద్దవచ్చు కదా, మరి ఈ తప్పు అన్నేళ్లు ఎలా నిలిచిందన్న సందేహం మీకు కలగవచ్చు.

అక్కడ రాసే విషయానికి అచ్చయిన, నమ్మదగిన ఆధారం చూపాలన్నది నియమం. మంచి నియమమే. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. ఎవరో ఒక తప్పు చేరుస్తారు. ఒక విలేఖరి దాన్ని చదివి, ఎక్కడిదో చెప్పకుండా తన వ్యాసంలో వాడుకుంటాడు. కొన్నాళ్లకు మరొకరు ఆ వ్యాసాన్నే వికీపీడియాలో ఆధారంగా చూపుతారు. ఇప్పుడు తప్పుకు సాక్ష్యం దొరికింది! ఎవరైనా దాన్ని తీసివేసినా, "ఇదిగో ఆధారం" అంటూ ఇంకొకరు తిరిగి పెట్టవచ్చు. ఈ వలయానికి అమెరికన్ కార్టూనిస్టు రాండల్ మన్రో 2011లో 'సైటోజెనిసిస్' అని పేరు పెట్టాడు. అంటే ఆధారాల పుట్టుక అన్నమాట.

టోస్టర్ కథ కూడా ఇలాగే పత్రికలకూ, పుస్తకాలకూ పాకింది. 50 పౌండ్ల నోటుపై ఎవరి బొమ్మ వేయాలని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2018లో ప్రజలను అడిగితే, వచ్చిన పేర్లలో ఇదీ ఉంది.

సైన్సు చదివేవారు ఇక్కడొక ప్రశ్న వేసుకోవలసింది. టోస్టర్‌లోని తీగ ఎర్రగా కాగినా గాలిలో త్వరగా పాడవకూడదు. అలాంటి నికెల్-క్రోమియం తీగకు ఆల్బర్ట్ మార్ష్ అమెరికాలో పేటెంటు పొందింది 1906లో. మరి 1893లో వాడిన తీగ ఏది?

చివరకు 2022లో 15 ఏళ్ల బడి విద్యార్థి ఒకరికి ఆ ఫోటోపై అనుమానం వచ్చింది. అతడు దాన్ని బయటపెట్టడంతో గుట్టు రట్టయింది.

మీరూ ఇలా పరీక్షించవచ్చు. వికీపీడియా పుటలో ఏ వాక్యం ఏ రోజున చేరిందో ఆ పుట చరిత్రలో కనిపిస్తుంది. చూపిన ఆధారం ఆ తేదీకి ముందుదా, తర్వాతదా చూడండి. మన శాస్త్రజ్ఞుడికి 2012కు ముందు ఒక్క ఆధారమూ లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఈ సదుపాయం ఉంది. అనుమానం వస్తే చర్చా పుటలో రాయండి. తప్పును దిద్దడానికి వయసు అడ్డు కాదు.