శనివారం వాదనదే, ఆదివారం పట్టికదే: అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల రెండు లోకాలు

ఆడిన 13 మ్యాచ్‌లలోనూ గెలిచిన జట్టుకు ఛాంపియన్‌షిప్ కోసం పోటీపడే అవకాశం దక్కలేదు. 16 మ్యాచ్‌లలో తొమ్మిది ఓడిన మరో జట్టుకు ఆ అవకాశం దక్కింది. రెండూ ఒకే దేశంలో, ఒకే క్రీడలో జరిగినవే. మొదటిది 2023లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ జట్టుకు ఎదురైన అనుభవం. రెండవది 2010 సీజన్‌లో సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టును వరించిన అదృష్టం.

అమెరికాలో ఏటా ఆగస్టు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఫుట్‌బాల్ అభిమానుల మధ్య సాగే ఎడతెగని చర్చను అర్థం చేసుకోవడానికి ఈ రెండు ఉదంతాలే తాళంచెవి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఎవరు ముందుకు వెళ్లాలో పాయింట్ల పట్టిక తేలుస్తుంది. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌లో చాలాకాలంగా ఆ పని అభిప్రాయానిది. అందుకే అక్కడ అభిమానుల వాదన కేవలం కాలక్షేపం కాదు, పోటీలో అది కూడా ఒక భాగమే. ఇప్పుడు ధనప్రవాహం ఈ రెండు లోకాల నడుమ ఉన్న గోడను కూలదోస్తోంది. కళాశాల అభిమానుల ఆవేదనకు మూలం అదే.

ఆట స్వరూపం

మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే సాకరే గుర్తుకు వస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ లేదా విసురుతూ, 100 గజాల మైదానంలో ప్రత్యర్థి చివరి గీతను దాటించాలి. ఒక్కో పక్షాన 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. వాటిలో పది గజాలు ముందుకు సాగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి, సాగలేకపోతే బంతి ప్రత్యర్థికి వెళ్తుంది. బంతి చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. నిలువు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే ఫీల్డ్ గోల్, దానికి మూడు. ప్రతి ఎత్తుగడకూ కేంద్రబిందువు బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్. అతడు గాయపడితే జట్టు భవితవ్యమే మారిపోవచ్చు. ఫ్లోరిడా స్టేట్ విషయంలో జరిగింది సరిగ్గా అదే.

శని, ఆదివారాల పంపకం

ఈ క్రీడ పుట్టినిల్లు కళాశాలే. రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థుల మధ్య 1869 నవంబరు 6న జరిగిన పోటీని తొలి కళాశాల మ్యాచ్‌గా పరిగణిస్తారు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ 1920లో గానీ ఏర్పడలేదు. అప్పటికే శనివారాలు కళాశాలల సొంతం కావడంతో ప్రొఫెషనల్ జట్లు ఆదివారాన్ని ఎంచుకున్నాయి.

ఈ ఆనవాయితీకి 1961లో చట్టం అండగా నిలిచింది. జట్లన్నీ కలిసి ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్ముకోవడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధం కాకుండా ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ ప్రొఫెషనల్ లీగ్‌లకు మినహాయింపు ఇచ్చింది. అయితే సెప్టెంబరు నుంచి డిసెంబరు రెండో వారం వరకు శుక్రవారం సాయంత్రాలు, శనివారాల్లో చేసే ప్రసారాల ద్వారా కళాశాల ఆటలను దెబ్బతీయకుండా షరతు పెట్టింది. శుక్రవారం రాత్రి ఉన్నత పాఠశాలలు, శనివారం విశ్వవిద్యాలయాలు, ఆదివారం ప్రొఫెషనల్ జట్లు అనే వారపు లయ అలా స్థిరపడింది.

పట్టిక పాలించే లీగ్

ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నవి 32 జట్లే. నాలుగేసి జట్లతో ఎనిమిది డివిజన్లు ఉంటాయి. 2021 నుంచి ఒక్కో జట్టు 17 మ్యాచ్‌లు ఆడుతోంది. ఎనిమిది మంది డివిజన్ విజేతలు, మరో ఆరు జట్లు కలిపి 14 జట్లు ప్లేఆఫ్‌కు చేరతాయి. చివరికి ఫిబ్రవరిలో సూపర్ బౌల్ జరుగుతుంది. ఎవరి అభిప్రాయానికీ ఇందులో తావు లేదు.

2010లో సీహాక్స్ ఏడు గెలిచి తొమ్మిది ఓడినా, తమ డివిజన్‌లోని తక్కిన జట్లు అంతకన్నా మెరుగ్గా లేకపోవడంతో ప్లేఆఫ్‌కు చేరింది. పది మ్యాచ్‌లు గెలిచిన న్యూయార్క్ జెయింట్స్, టాంపా బే బక్కనీర్స్ ఇంటిదారి పట్టాయి. ఇది అన్యాయమని అభిమానులు గొంతు చించుకున్నారు. కానీ ఆ నిబంధన అందరికీ సీజన్‌కు ముందే తెలుసు. పైగా సీహాక్స్ తొలి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే అప్పటి ఛాంపియన్ న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌ను 41-36తో ఓడించింది. ఆనాడు ప్రేక్షకులు ఎగిరి గంతులేసిన అదురు సమీపంలోని భూకంప నమోదు యంత్రానికి సైతం అందింది.

ఈ లీగ్‌కు మరో ప్రత్యేకత ఉంది. పెట్టుబడిదారీ వ్యవస్థకు పెట్టింది పేరైన దేశంలో, దాని అతిపెద్ద క్రీడా వ్యాపారం సమానత్వ సూత్రం మీద నడుస్తోంది. జాతీయ టెలివిజన్ ఆదాయాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటాయి. ఆటగాళ్ల జీతాలకు 1994 నుంచి గరిష్ఠ పరిమితి ఉంది. 2025లో ఆ పరిమితి జట్టుకు 27.92 కోట్ల డాలర్లు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్‌లో అందరికన్నా వెనుకబడిన జట్టుదే తొలి అవకాశం. అందుకే లక్షకు కాస్త పైబడిన జనాభా ఉన్న గ్రీన్ బే పట్టణపు ప్యాకర్స్ జట్టు మహానగరాల జట్లతో సమానంగా పోటీపడగలుగుతోంది. ఆ జట్టుకు ధనిక యజమాని లేడు, ఐదు లక్షలకు పైగా సామాన్య వాటాదారులే యజమానులు.

సమానత్వం కొన్ని వింత చర్చలకూ దారితీస్తుంది. వరుసగా ఓడిన జట్ల అభిమానులు డిసెంబరులో ఒక ధర్మసందేహాన్ని ఎదుర్కొంటారు. మిగిలిన మ్యాచ్‌లు గెలవాలని కోరుకోవాలా, లేక ఓడి డ్రాఫ్ట్‌లో మంచి క్వార్టర్‌బ్యాక్‌ను దక్కించుకోవాలని ఆశించాలా అన్నదే ఆ సందేహం.

అభిప్రాయం ఏలే శనివారం

విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ అత్యున్నత శ్రేణిలో 130కి పైగా జట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి సాధారణంగా 12 మ్యాచ్‌లు ఆడుతుంది. అన్నీ అన్నింటితో తలపడటం అసాధ్యం. బలహీన ప్రత్యర్థులపై సాధించిన పది విజయాలు గొప్పవా, బలమైన ప్రత్యర్థులపై సాధించిన తొమ్మిది గొప్పవా? ఈ ప్రశ్నకు పట్టిక సమాధానం చెప్పలేదు. అందుకే 1936 నుంచి పాత్రికేయుల ఓటింగ్‌తో అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకులు వెలువడుతున్నాయి. 1998 నుంచి 2013 సీజన్ వరకు ఓట్లతో పాటు కంప్యూటర్ లెక్కలనూ కలిపి ఇద్దరు ఫైనలిస్టులను నిర్ణయించారు. 2014 నుంచి 13 మంది సభ్యుల కమిటీ నాలుగు జట్లను ఎంపిక చేయడం మొదలుపెట్టింది.

2023 డిసెంబరు 3న ఆ కమిటీ మిషిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామా జట్లను ఎంపిక చేసింది. తమ కాన్ఫరెన్స్ విజేతగా నిలిచి, ఓటమి ఎరుగని ఫ్లోరిడా స్టేట్‌ను ఐదో స్థానంలో నిలిపింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబరులో కాలికి తీవ్ర గాయమై సీజన్‌కు దూరమయ్యాడు. అతడు లేని జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ తీర్మానించింది. కీలక ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని పరిగణించే వెసులుబాటు దాని నిబంధనల్లోనే ఉంది.

గెలుపు అంటే జరిగిన దానికి గుర్తింపా, జరగబోయే దానిపై అంచనానా అని అభిమానులు నిలదీశారు. రాష్ట్ర అటార్నీ జనరల్ సైతం రంగంలోకి దిగి కమిటీ నుంచి పత్రాలు కోరారు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో చిత్తుగా ఓడటంతో కమిటీ నిర్ణయమే సరైనదని కొందరన్నారు. ఫ్లోరిడా స్టేట్ ముఖ్య ఆటగాళ్లు ఎందరో ఆ మ్యాచ్‌కు దూరంగా ఉన్నారని మరికొందరు బదులిచ్చారు. వాదన నేటికీ తెగలేదు.

పన్నెండుకు పెరిగినా తీరని తగవు

2024 నుంచి ప్లేఆఫ్‌ను 12 జట్లకు విస్తరించారు. ర్యాంకుల్లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు తప్పనిసరిగా చోటు కల్పించారు. దీంతో వివాదాలు ముగుస్తాయని నిర్వాహకులు ఆశించారు. తగవు మాత్రం నాలుగు, ఐదు స్థానాల నుంచి చివరి స్థానాలకు మారింది, అంతే. తొలి ఏడాదే మూడు ఓటములున్న అలబామాను కాదని ఎస్ఎంయూ జట్టును తీసుకోవడంపై దుమారం రేగింది. కాన్ఫరెన్స్ విజేతలన్న కారణంతో నేరుగా క్వార్టర్‌ఫైనల్ చేరిన నాలుగు జట్లూ అక్కడే ఓడిపోయాయి. మరుసటి ఏడాదే నిబంధన మార్చి, ర్యాంకుల క్రమంలోనే ఆ వెసులుబాటు ఇవ్వాలని నిర్ణయించారు.

డబ్బు గీసిన కొత్త పటం

కళాశాల ఫుట్‌బాల్ ప్రసార హక్కులు ఒకప్పుడు జాతీయ క్రీడా సంఘమైన ఎన్‌సీఏఏ అదుపులో ఉండేవి. అది గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నాటి నుంచి విశ్వవిద్యాలయాల కూటములైన కాన్ఫరెన్సులు ఎవరి హక్కులను వారే అమ్ముకుంటున్నాయి. ఒకే వ్యవస్థలో ప్రొఫెషనల్ లీగ్ ఆదాయాన్ని పంచుకోగా, కళాశాలలు ఆదాయం కోసం పరస్పరం పోటీపడ్డాయి.

దాని పర్యవసానం 2024లో కళ్లకు కట్టింది. శతాబ్దానికి పైగా చరిత్ర ఉన్న పశ్చిమ తీరపు పాక్-12 కాన్ఫరెన్స్‌లో ఆ సీజన్‌కు రెండే జట్లు మిగిలాయి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ ఇప్పుడు సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలోని న్యూజెర్సీ జట్టు రట్గర్స్‌తో ఒకే కాన్ఫరెన్స్‌లో ఉంది. పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది. ఒక్లహోమా వేరే కాన్ఫరెన్స్‌కు తరలడంతో ఒక్లహోమా స్టేట్‌తో ఏటా జరిగే పోరు 2023తో ఆగిపోయింది. అదే మార్పు టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం మధ్య 2011 తర్వాత నిలిచిపోయిన పోరును 2024లో తిరిగి నిలబెట్టింది. కోల్పోయినవారూ, తిరిగి పొందినవారూ ఇద్దరూ అభిమానులే. నిర్ణయం మాత్రం వారిది కాదు.

ప్రొఫెషనల్ అభిమానికి ఈ బాధ పాతదే. యజమాని తలచుకుంటే జట్టు ఊరు విడిచి వెళ్లిపోతుంది. ఓక్లండ్ రైడర్స్ 2020లో లాస్ వేగాస్‌కు తరలిపోయింది. విశ్వవిద్యాలయం అలా కదలదు గనుక తమ బంధం శాశ్వతమని కళాశాల అభిమాని నమ్మేవాడు. ఊరు కదలకపోయినా ఇరుగుపొరుగు మారిపోవచ్చని అతడికి ఇప్పుడు తెలిసింది.

ఆటగాడి వాటా

ఇంత ఆదాయంలో ఆటగాడికి దశాబ్దాల పాటు దక్కింది ఉపకారవేతనం, చదువు ఖర్చులే. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ ఆంక్షలు చెల్లవని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ మరుసటి నెల నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలతో ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలు కలిగింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం మాజీ, ప్రస్తుత క్రీడాకారులకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. తొలి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయం గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. మరోవైపు, విశ్వవిద్యాలయం మారిన ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధన కూడా తొలగిపోయింది.

దీనిపై అభిమానులు రెండుగా చీలిపోయారు. శరీరాన్ని పణంగా పెట్టేవాడికి న్యాయమైన వాటా దక్కిందని ఒక వర్గం హర్షిస్తోంది. ఏటా కొత్త ముఖాలే కనిపిస్తుంటే వీరిని మనవాళ్లని ఎలా పిలుచుకోవాలని మరో వర్గం నిట్టూరుస్తోంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఆటగాడు పొందిన స్వేచ్ఛ, అభిమాని కోల్పోయిన స్థిరత్వం ఒకే నాణేనికి రెండు ముఖాలు. అయితే శిక్షకులు ఎక్కువ జీతం కోసం ఎప్పటి నుంచో జట్లు మారుతూనే ఉన్నారన్నది మరువరాదు.

ఓటమికి విలువ మిగిలిందా?

మారిన కాలానికి ఒహాయో స్టేట్, మిషిగన్ వైరమే గీటురాయి. 1897లో మొదలైన ఈ పోరు సాధారణంగా నవంబరు చివరి శనివారం జరుగుతుంది. మిషిగన్ స్టేడియంలో 1,07,601 ఆసనాలున్నాయి. అమెరికాలో లక్షకు మించి ఆసనాలున్న ఫుట్‌బాల్ స్టేడియంలన్నీ విశ్వవిద్యాలయాలవే. ఉన్నత చదువులకు అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థులు ఈ క్రీడను ముందుగా చూసేది కూడా క్యాంపస్ అంతా ఒకే రంగు దుస్తులు ధరించే ఇలాంటి శనివారం నాడే.

2023లో మిషిగన్ చేతిలో 30-24తో ఓడటంతో అప్పటివరకు అజేయంగా ఉన్న ఒహాయో స్టేట్ ఛాంపియన్‌షిప్ ఆశలు అడుగంటాయి. 2024 నవంబరు 30న సొంత మైదానంలో, అంతంతమాత్రంగా ఆడుతున్న మిషిగన్ చేతిలోనే 13-10తో మళ్లీ ఓడింది. వరుసగా నాలుగో పరాజయం కావడంతో శిక్షకుడు ర్యాన్ డేను తొలగించాలని అభిమానులు పట్టుబట్టారు. కానీ 12 జట్ల ప్లేఆఫ్‌లో ఆ జట్టుకు ఎనిమిదో స్థానం దక్కింది. టెనెసీ, ఓరెగన్, టెక్సాస్ జట్లను వరుసగా ఓడించి, 2025 జనవరి 20న ఫైనల్‌లో నోటర్ డామ్‌పై 34-23తో గెలిచి జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది.

పట్టిక దృష్టితో చూస్తే అది వ్యవస్థ సాధించిన విజయం. మెరుగైన జట్టుకు రెండో అవకాశం లభించింది, అది దాన్ని సద్వినియోగం చేసుకుంది. వైరాన్నే ప్రాణంగా భావించే అభిమాని దృష్టి వేరు. ఒక్క ఓటమితో ఏడాది శ్రమ బూడిదలో పోయే భయమే ఆ శనివారానికి అంతటి బరువునిచ్చింది. ఆ భయం తొలగితే న్యాయం పెరగవచ్చు, ఉత్కంఠ మాత్రం తగ్గుతుంది. కళాశాల ఫుట్‌బాల్ క్రమంగా ఎన్ఎఫ్ఎల్ బాటలో నడుస్తోంది. ప్లేఆఫ్ విస్తరించింది, ఆటగాళ్లకు చెల్లింపులు వచ్చాయి, జట్లు మారడం తేలికైంది. ప్రొఫెషనల్ లీగ్‌కు నిలకడనిచ్చిన సమాన పంపకం ఒక్కటే ఇంకా రాలేదు. దానికి అన్ని కాన్ఫరెన్సులూ ఒక తాటిపైకి రావాలి. అంతవరకు శనివారపు వాదన ఆగదు.