బ్లైండ్స్ దులిపే ముందు పిల్లల మంచం మీద దుప్పటి కప్పండి



గత నెల ఐదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్‌లో ‘ప్రాసెస్ రైటింగ్’ చెప్పాను. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాయడం అన్నమాట. ఫస్ట్, నెక్స్ట్, దెన్, ఫైనల్లీ అనే మాటలు వాడి, ఇంట్లో మీరు చూసిన పని ఏదైనా రాయండి అన్నాను. చాలామంది నిమ్మరసం కలపడం, నూడుల్స్ చేయడం రాశారు. ఒక బాబు మాత్రం ఇలా రాశాడు: “ఫస్ట్ మై మదర్ హిట్స్ ద విండో బ్లైండ్స్ విత్ ఎ బ్రూమ్. నెక్స్ట్ ద డస్ట్ ఫాల్స్ ఆన్ మై బెడ్. దెన్ ఐ స్నీజ్. ఫైనల్లీ ఐ టేక్ ఎ టాబ్లెట్.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వరుస బాగుంది, గ్రామర్‌లో తప్పు లేదు, మంచి మార్కులే వేశాను. తర్వాత స్టాఫ్‌రూమ్‌లో నోట్‌బుక్ మళ్లీ తెరిచి ఆ చివరి వాక్యం చదివితే మాత్రం నవ్వు రాలేదు. ఆ తల్లి ఇల్లు శుభ్రంగా ఉంచాలనే చీపురు పట్టుకున్నారు. పని మంచిదే, వరుసే తప్పింది. దుమ్ము కిటికీ మీద నుంచి లేచి పిల్లవాడి దిండు మీదకు చేరింది. వాళ్ల అమ్మగారిని అడిగి, ఆవిడ సరే అన్నాకే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్లలో సంక్రాంతికో దసరాకో బూజు దులుపుతాం. కర్టెన్లు తీసి మెషీన్‌లో వేస్తాం. బ్లైండ్స్ దగ్గరికి వచ్చేసరికి వాటినేం చేయాలో తెలియక రెండు దెబ్బలు కొట్టి వదిలేస్తాం. నిజానికి ఇంట్లో దుమ్ము ఎక్కువగా పట్టే వస్తువుల్లో అవీ ఒకటి. అందులోనూ చాలా ఇళ్లలో పిల్లల స్టడీ టేబుల్, మంచం ఉండేది కిటికీ పక్కనే.

దుమ్ములో ఏముంటుంది?

రోడ్డు మట్టి, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ సిమెంటు, బట్టల నుంచి రాలిన పోగులు, మన ఒంటి మీది చర్మపు పొరలు, పువ్వుల పుప్పొడి, అన్నీ కలిసినదే ఇంటి దుమ్ము. ఖాళీ స్థలాల్లో విరగబెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి చాలామందికి పడదు. ఆ చర్మపు పొరలను తిని బతికే డస్ట్ మైట్స్ అనే పురుగులు కూడా ఉంటాయి. కంటికి దాదాపు కనిపించనంత చిన్నవి. ఇవి పరుపుల్లో, దిండ్లలో ఎక్కువగా ఉంటాయి. బట్టతో చేసిన బ్లైండ్స్, కార్పెట్లు కూడా వీటికి చోటిస్తాయి. వీటి వ్యర్థాలు పడని పిల్లలకు తుమ్ములు, ముక్కు కారడం, ఆయాసం రావచ్చు.

మీ పిల్లల జలుబుకు దుమ్మే కారణమని నేను చెప్పడం లేదు. అది డాక్టరుగారు చూసి చెప్పాల్సిన మాట. కానీ దుమ్ము పడదని ఇప్పటికే తెలిసిన పిల్లలుంటే, దులిపేటప్పుడు వాళ్లను ఆ గదిలో ఉంచకండి. పని పూర్తయి, నేల తుడిచి, కాసేపు గాలి ఆడాకే రానివ్వండి.

ముందు మీ బ్లైండ్స్ ఏ రకమో చూడండి

అన్నింటికీ ఒకే పద్ధతి పనికిరాదు. అడ్డంగా సన్నటి అల్యూమినియం లేదా ప్లాస్టిక్ పట్టీలుండేవి ఒక రకం. అలాగే ఉండి చెక్కతో చేసినవి రెండో రకం. నిలువుగా బట్ట పట్టీలు వేలాడేవి మూడో రకం. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. పైకి చుట్టుకునే రోలర్, జీబ్రా బ్లైండ్స్ నాలుగో రకం. ఇవి కాక వెదురు తడికలు ఉంటాయి. మొదటి రకానికి నీళ్లు తగిలినా ఫర్వాలేదు. మిగతా వాటి దగ్గర బకెట్ దూరంగా పెట్టాలి.

ఈ తేడా నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. బీఈడీ అయి ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె ఫ్లాట్‌లో ఉండేదాన్ని. ఖాళీ చేసే ముందు శుభ్రంగా అప్పగిద్దామని ఓనరుగారి రోలర్ బ్లైండ్ విప్పి, బట్టే కదా అని వాషింగ్ మెషీన్‌లో వేశాను. ఆ బట్ట మడత పడకుండా గట్టిగా నిలబడటానికి దానికో పూత ఉంటుంది. అది కాస్తా ముడతలు పడి, అంచులు లేచిపోయాయి. మళ్లీ చుట్టుకోనే లేదు. అడ్వాన్సులో కొత్త బ్లైండ్ ఖరీదు పోయింది. ఓనరుగారి తప్పేమీ లేదు, నాదే.

అల్యూమినియం, ప్లాస్టిక్ బ్లైండ్స్: పని వరుస

కావలసినవి: ఒక పాత సాక్సు లేదా మైక్రోఫైబర్ బట్ట, ఒక పాత దుప్పటి, చిన్న బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, అందులో కొన్ని చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, ఇంకో మగ్గులో మంచినీళ్లు, తుడవడానికి పొడి బట్ట. ఒక కిటికీకి సుమారు అరగంట పట్టవచ్చు.

మొదట, స్టడీ టేబుల్ పక్కకు జరపండి. జరపలేని మంచం మీద పాత దుప్పటి కప్పండి. ఫ్యాన్ ఆపండి. మీ ముక్కుకు మాస్కు పెట్టుకోండి.

రెండు, బ్లైండ్‌ను పూర్తిగా కిందికి దించి, పట్టీలను ఒకవైపు మూయండి. పొడి సాక్సును చేతికి తొడుక్కుని పైనుంచి కిందికి నెమ్మదిగా తుడవండి. తర్వాత పట్టీలను రెండోవైపు తిప్పి మళ్లీ అలాగే. చీపురుతో కొట్టకండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే మెత్తటి బ్రష్ తగిలించి వాడితే దుమ్ము గాలిలోకి అంతగా లేవదు.

మూడు, పట్టీలను అడ్డంగా తెరిచి, సాక్సును సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండండి. ఒక్కో పట్టీని వేళ్ల మధ్య పట్టుకుని, మధ్య నుంచి చివరికి లాగండి. పైన, కింద ఒకేసారి శుభ్రమవుతాయి. అల్యూమినియం పట్టీ ఒకసారి వంగితే ఆ గీత పోదు, కాబట్టి రెండో చేత్తో ఆసరా ఇవ్వండి. అంచులు కోసుకుపోతాయి, చూసుకోండి.

నాలుగు, మంచినీళ్లలో పిండిన బట్టతో ఇంకోసారి తుడిచి, వెంటనే పొడి బట్టతో తడి తీసేయండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది తప్పనిసరి. ఆ నీళ్లలోని ఉప్పు, సున్నం ఆరాక తెల్లటి మచ్చలుగా మిగిలిపోతాయి.

చివరగా, దుప్పటిని జాగ్రత్తగా మడిచి బయటికి తీసుకెళ్లి అక్కడ దులపండి. నేలను తడిబట్టతో తుడవండి. బ్లైండ్‌ను తెరిచి ఉంచి పూర్తిగా ఆరనివ్వండి.

ముందు పొడిగా, తర్వాతే తడిగా ఎందుకు? దుమ్ము మీద నేరుగా నీళ్లు పడితే బురదవుతుంది. అది పట్టీల అంచుల్లో, దారాల్లో చేరి గట్టిపడుతుంది. మరి పొడిగా తుడిచి ఆపేస్తే? ప్లాస్టిక్‌ను పొడి బట్టతో రుద్దితే దానికి విద్యుదావేశం వస్తుంది. పిల్లలు స్కేలును తలకు రుద్ది కాగితం ముక్కలను లేపుతారు చూడండి, అదే. ఆ పట్టీలు మళ్లీ దుమ్మును లాక్కుంటాయి. కొద్దిగా తడి తగిలితే ఆ ఆవేశం పోతుంది. ఇది మీ పిల్లలతో చెప్పించండి, సైన్సు పాఠం కిటికీ దగ్గరే అయిపోతుంది.

మిగతా రకాలు

చెక్క బ్లైండ్స్‌ను పొడి బట్టతోనే తుడవండి. మరీ మరకైతే బాగా పిండిన బట్టతో ఒకసారి తుడిచి వెంటనే ఆరబెట్టండి. నీళ్లు పీలిస్తే చెక్క ఉబ్బి వంకర తిరుగుతుంది. నిలువు బట్ట పట్టీలను, రోలర్, జీబ్రా బ్లైండ్స్‌ను వ్యాక్యూమ్ బ్రష్‌తో గానీ మెత్తటి బట్టతో గానీ పైనుంచి కిందికి తుడవండి. మరక మీద సబ్బు నీళ్లలో పిండిన బట్టను అద్దండి, రుద్దకండి. తడిసిన రోలర్‌ను ఆరకముందే పైకి చుట్టేస్తే లోపల బూజు పడుతుంది. వెదురు తడికలను వీలైతే విప్పి ఆరుబయట దులపడం మేలు. వేసవిలో వట్టివేళ్ల తడికలు తడిపి కట్టే అలవాటున్న ఇళ్లలో కూడా, వాటిని రోజూ పూర్తిగా ఆరనివ్వకపోతే బూజు వాసన వస్తుంది.

వంటింటి కిటికీది వేరే కథ. పోపు జిడ్డు, దుమ్ము కలిసి జిగురులా అంటుకుంటాయి. సబ్బు నీళ్లలో ముంచిన బట్టను పట్టీ మీద రెండు నిమిషాలు అలా ఉంచి, మెత్తబడ్డాక తుడవండి. గట్టి పీచుతో తోమితే రంగు లేచిపోతుంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ బ్లైండ్స్‌కు వాడకండి. యాసిడ్ అల్యూమినియంను తినేస్తుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. పాత ఇళ్లలో సుద్దలా పొడి రాలే ప్లాస్టిక్ బ్లైండ్స్ ఉంటే రుద్దవద్దు, మార్చేయండి. 1996లో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ ఇలాంటి వినైల్ బ్లైండ్స్ గురించే హెచ్చరించింది. ప్లాస్టిక్ స్థిరంగా ఉండటం కోసం కలిపిన సీసం, ఎండకు ప్లాస్టిక్ పాడయ్యే కొద్దీ దుమ్ముగా పైకి తేలింది. పట్టీలు ముట్టుకున్న చేతులు నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకు అది చేటు. కడిగినా ఆ దుమ్ము మళ్లీ ఏర్పడుతూనే ఉంటుంది.

శుభ్రం చేసేటప్పుడు తాడు కూడా చూడండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి.

రెండేళ్ల క్రితం మా అక్క వాళ్లింట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. మూడేళ్ల మా అక్క కొడుకు పక్క గదిలో ఆడుకుంటున్నాడు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. అక్క లేచి వెళ్లింది. వాడు కిటికీ పక్క మంచం ఎక్కి, బ్లైండ్ తాడు మెడలో వేసుకుని, “అమ్మా, దండ” అన్నాడు. తాడు వదులుగానే ఉంది, వాడికేమీ కాలేదు. కానీ మంచం దిగడానికి ఇంకో అడుగు వేసి ఉంటే అన్న ఆలోచన మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. తాడు మెడకు బిగిస్తే పిల్లలు అరవలేరు. చప్పుడుండదు. ప్రాణం పోవడానికి నిమిషాలు చాలు.

అందుకే 2018 డిసెంబర్ నుంచి అమెరికాలో రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్స్‌కు తాడే లేకుండా, లేదా పిల్లలకు అందకుండా ఉండాలని ప్రమాణం పెట్టారు. మనం మన ఇంట్లో చేసుకోగలిగినవి ఇవి: మంచం, కుర్చీ, ఎక్కడానికి వీలైన ఏ వస్తువునూ ఆ కిటికీ కింద ఉంచకండి. గోడకు పైన ఒక కొక్కెం కొట్టి తాడును అక్కడ చుట్టేయండి. పూసల గొలుసును గోడకు బిగించే క్లిప్ పెట్టించండి. కొత్తవి కొనేటప్పుడు తాడు లేనివి అడగండి.

పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

స్టూలు ఎక్కడం, కిటికీ అంచు మీద నిలబడటం, తెరిచిన కిటికీ దగ్గర ఉండటం పిల్లల పని కాదు. నేల మీద నిలబడి చేతికందే కింది పట్టీలను ఎనిమిదేళ్ల పిల్లలు తుడవగలరు. చిన్నవాళ్లు సాక్సులు ఏరి ఇవ్వగలరు, దుప్పటి కప్పడంలో రెండో కొస పట్టుకోగలరు. పాప, బాబు అనే తేడా లేకుండా చేయించండి. వారానికోసారి అయిదు నిమిషాలు పొడి సాక్సుతో తుడిస్తే, పండక్కి ఒకేసారి నడుము విరిగే పని ఉండదు.

పని అయ్యాక అదే వరుసను నాలుగు ఇంగ్లిష్ వాక్యాల్లో రాయమనండి. చేసిన పని కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి. స్పెల్లింగ్ తప్పులుంటే కంగారుపడకండి, నోట్‌బుక్ పంపించండి, నేను దిద్దుతాను.

మా క్లాసు బాబు మొన్న సోమవారం తన పేరా మళ్లీ రాసుకొచ్చాడు. ఈసారి మొదటి వాక్యం: “ఫస్ట్ వి కవర్ మై బెడ్.” చివరి వాక్యం: “ఫైనల్లీ మదర్ గివ్స్ మి బూస్ట్ అండ్ ఐ డు మై హోంవర్క్.” టాబ్లెట్ మాట లేదు. ఇంకో రెండు మార్కులు కలిపాను.