పిల్ల ఎవరి దగ్గర ఉంది?

ఫజర్ నమాజుకు మేం లేచేసరికే మా చిన్నది లేచి కూర్చుని ఉంటుంది. ఏడాదీ ఎనిమిది నెలల పిల్ల. ఇంట్లో అందరికంటే ముందు లేచేదీ, అందరికంటే ఆలస్యంగా పడుకునేదీ ఆమే. జానమాజు పరిచామంటే చాలు, పరుగున వచ్చి సరిగ్గా సజ్దా చేసేచోటే బోర్లా పడుకుంటుంది. టోపీ లాగేస్తుంది. రుకూలో వంగితే కాళ్ల సందులోంచి దూరి అవతలికి పోతుంది. సజ్దాలో ఉంటే వీపెక్కి కూర్చుంటుంది. అప్పుడు లేవాలా, ఆగాలా?

మహాప్రవక్త (స) ఆగారు. ఓసారి ఆయన నమాజు చేయిస్తూ సజ్దాను చాలాసేపు పొడిగించారట. వెనకున్న సహాబీలు ఏమైందోనని కంగారుపడ్డారు. నమాజు అయ్యాక అడిగితే, మనవడు వీపెక్కాడనీ, వాడి ముచ్చట తీరకుండా దించడం ఇష్టంలేకపోయిందనీ చెప్పారు. ఈ ఉల్లేఖనం నసాయీ గ్రంథంలో ఉంది. కుమార్తె జైనబ్ (ర) బిడ్డ ఉమామాను ఎత్తుకుని ఆయన నమాజు చేసిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. సజ్దాకు వెళ్లేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. ఇవన్నీ తెలిసిన పెద్దలే మసీదులో పసిబిడ్డ ఏడుపు వినపడితే వెనక్కి తిరిగి ఎందుకు ఉరిమి చూస్తారో మాకు అర్థం కాదు. సరే, అది మరో శుక్రవారం మాట్లాడుకోవలసిన సంగతి.

మా ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు. పిల్లకు రెండూ ఒకటే. ఆకలైతే "బువ్వ" అంటుంది, పాలు కావాలంటే "దూద్" అంటుంది. చందమామ విషయంలో మాత్రం ఏ గొడవా లేదు. వాళ్ల దాదీమా చూపించినా, పక్కింటి పిన్నిగారు చూపించినా ఆయన మామే. అన్నిటికంటే ముందు వచ్చిన మాట ఏమిటో చెబితే నవ్వుతారు. అమ్మీ కాదు, అబ్బా కాదు. "పానీ". చెంబులో నీళ్లు, బకెట్లో నీళ్లు, వజూ చేస్తుంటే మోచేతుల నుంచి కారే నీళ్లు, ఏవి కనపడినా పానీ, పానీ అంటూ రెండు చేతులూ చాచి వచ్చేస్తుంది. గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లకు నీళ్ల మీద మోజు ఉండదా అని మేమూ మురిసిపోయాం.

మన డెల్టాలో నీటికి దూరంగా ఉన్న ఇల్లు ఎక్కడని? కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టతో ఈ నేల తీరే మారిపోయింది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు కాలువలు బయలుదేరి, పిల్లకాలువలై, చివరికి పెరటి వెనక బోదెలై మన ఇళ్లను చుట్టేస్తాయి. మా ఇల్లు నిడదవోలు దాటాక కాలువ గట్టు మీద ఉంది. పెరటి తలుపు తీస్తే ఇరవై అంగల్లో రేవు. బట్టలు ఉతికేదీ, అంట్లు తోమేదీ, సాయంత్రం చల్లగాలికి కూర్చునేదీ అక్కడే. ఆ కాలువ వల్లే మన ప్రాంతం అన్నం తింటోంది. అందుకే దాన్ని ప్రమాదంగా చూడాలని మనకు తోచదు.

మూడు నెలల కిందట ఓ శుక్రవారం. పిల్ల నడక దాటి పరుగు నేర్చిన రోజులు. జుమా వేళవుతోంది. మగవాళ్లం గుసుల్ చేసి, అత్తరు రాసుకుని, ఖుత్బా అందుతుందో లేదోనని హడావుడిగా ఉన్నాం. శుక్రవారం గనుక వంటింట్లో పని కాస్త ఎక్కువ. దాదీమా తస్బీహ్ పట్టుకుని వరండాలో కూర్చుంది. పిల్ల దాదీమా దగ్గర ఉందనుకున్నాం మేము. వాళ్లమ్మ దగ్గర వంటింట్లో ఉందనుకుంది దాదీమా. వీధి గుమ్మం దాకా మమ్మల్ని సాగనంపడానికి మాతోనే వచ్చిందనుకుంది తల్లి. ఇంట్లో పెద్దవాళ్లం ఐదుగురం. ఐదుగురిలో ఒక్కరి దగ్గరా పిల్ల లేదు.

పెరటి తలుపు గడియ ఎవరు తీసి వదిలేశారన్నది ఇప్పటికీ తేలలేదు. తేల్చాలని ఎవరమూ పట్టుబట్టలేదు.

పక్కింటి పిన్నిగారు పిల్లను చంకనెత్తుకుని పెరటి దారినే వచ్చారు. మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది లేదు. "రేవులో రెండో మెట్టు మీద కూర్చుని చెప్పుతో నీళ్లు కొడుతోందమ్మా. అది జారి పోతుంటే పట్టుకుందామని వంగింది" అన్నారు. ఇంకేమీ అనలేదు. అరుగు మీద కూలబడి కాసిని మంచినీళ్లు ఇమ్మన్నారు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఆమె ఆ వేళకు గిన్నెలు తోముకోవడానికి రేవుకు రాకపోతే? ఆ ప్రశ్న దగ్గర మా ఆలోచన ఇవాళ్టికీ ఆగిపోతుంది. ఆ రోజు జుమాకు వెళ్లాం. ఖుత్బాలో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. నలుగురిలో సుమారు ఒకరు ఐదేళ్లలోపు పిల్లలు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు కారణాల్లో ఇది నాలుగోది. టీకాలు వేయిస్తాం, జ్వరం వస్తే పరుగెత్తుతాం, దిష్టి కూడా తీస్తాం. దీన్ని మాత్రం విధిరాత అని వదిలేస్తాం.

ఇంకో సంగతి మాకు అంతవరకూ తెలియదు. నీళ్లలో పడిన పసిపిల్ల అరవదు. చేతులు పైకెత్తి పిలవదు. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. ముందుకు వాలితే తిరిగి లేవలేదు. అందుకే జానెడు నీళ్లున్న బకెట్ కూడా చాలు. కాలువే అక్కర్లేదు. చప్పుడు వినిపిస్తుందిలే అని వంటింట్లో చెవి ఒగ్గి కూర్చునే తల్లికి ఏ చప్పుడూ వినిపించదు.

మనలాంటి డెల్టాయే బంగ్లాదేశ్. మనలాగే అక్కడా ఇంటింటికీ ఓ చెరువు, ఊరూరా ఓ కాలువ. మనలాంటి కుటుంబాలే. అక్కడి పరిశోధకులు చూస్తే చిన్నపిల్లలు మునిగే వేళ ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్య అని తేలింది. తండ్రి పనికి పోతాడు, పెద్దపిల్లలు బడికి పోతారు, తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది. అందుకని ఊళ్లలోనే ఒక ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లల్ని ఆ నాలుగు గంటలూ ఒక స్త్రీ సంరక్షణలో ఉంచే ఏర్పాటు చేశారు. అలాంటి ఇంటిని అక్కడ 'అంచల్' అంటారు. ఆట, పాట, కాస్త చదువు, అంతే. అలా వెళ్లిన పిల్లల్లో మునిగిపోయే ప్రమాదం 80 శాతానికి పైగా తగ్గింది. 2022లో ఆ ప్రభుత్వం ఇలాంటివి 8 వేల కేంద్రాలు పెట్టే పథకాన్ని ఆమోదించింది. మందూ లేదు, యంత్రమూ లేదు. ఆ నాలుగు గంటలూ పిల్ల మీద ఒకరి కన్ను ఉంటుంది, అంతే.

మనకు అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి. మేలే. అయితే అక్కడ కూర్చోబెట్టి ఆడించేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. పరుగెత్తడం వచ్చి, భయం ఇంకా తెలియని ఒకటి నుంచి మూడేళ్ల పిల్ల ఇంట్లోనే ఉంటుంది. మన మహల్లాల్లో ఖాళీగా ఉండే ఒక గది, ఓపిక ఉన్న ఇద్దరు ఖాలాలు, వాళ్లకు నెలకు కాస్త ముట్టజెప్పే ఏర్పాటు ఉంటే, ఆ నాలుగు గంటలు గడిచిపోవా? మసీదు కమిటీలు గోడలకు రంగులు వేయించే ముందు దీని గురించి ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందని మా అభిప్రాయం. అన్నట్టు, మసీదులో వజూ చేసే హౌజు చుట్టూ అడ్డు ఉందో లేదో కూడా చూడాలి.

వేసవి సంగతి వేరే చెప్పాలి. ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకు కాలువే ఆటస్థలం. క్రికెట్ అక్కడే, గోళీలు అక్కడే. అన్న వెనక చెల్లి, చెల్లి వెనక ఈ బుడతలు దిగుతారు. జూన్ వస్తే నీళ్లు వదులుతారు. పెద్దలకు పండగే. నిన్నటిదాకా తను పరుగెత్తిన చోటు ఇప్పుడు నేల కాదని రెండేళ్ల పిల్లకు ఎవరు చెబుతారు? నీళ్లు వదిలిన ఆ వారం పది రోజులు మరీ జాగ్రత్తగా ఉండాలని మేం అనుకుంటున్నాం.

ఇంట్లో మేం చేసినవి పెద్ద ఖర్చువి కావు. పెరటి గుమ్మానికి నడుమెత్తు వెదురు తడిక కట్టించాం. గడియ పిల్ల చేతికి అందని ఎత్తుకు మార్చాం. స్నానమయ్యాక బకెట్ బోర్లించడం, గోలేనికి మూత వేయడం అలవాటు చేసుకున్నాం. చీకటిపడితే పిల్లల్ని లోపల ఉంచమనీ, తలుపులు మూయమనీ, పాత్రలకు మూతలు పెట్టమనీ ప్రవక్త (స) చెప్పిన మాట హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖనంలో ఉంది. అది రాత్రివేళ గురించి చెప్పినదే. పసిపిల్ల ఉన్న ఇంట్లో పగలు కూడా అలాగే చేస్తే తప్పేముంది?

అసలు మార్పు మాటలో వచ్చింది. పిల్లను ఒకరి దగ్గరినుంచి ఒకరు తీసుకునేటప్పుడు పైకి చెప్పాలి: "పిల్ల నీ దగ్గర." అవతలివారు "ఊఁ, నా దగ్గర" అని పలకాలి. పలికేదాకా మొదటివారు కదలకూడదు. మొదట్లో నవ్వొచ్చింది. అమానతు అప్పగించేటప్పుడు సాక్ష్యం అడగమా అని మా ఆవిడ అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

తడిక దాదీమాకు నచ్చలేదు. "ఆరుగురిని పెంచాను, ఏ తడికా లేకుండా. కాపాడేది అల్లాయే గానీ వెదురు కాదు" అంది. ఒంటెను కట్టి ఆపైన దైవం మీద భారం వేయమన్న హదీసు గుర్తుచేశాం. "నాకే చెబుతావా" అని మొహం తిప్పుకుంది.

వారం తర్వాత ఓ రాత్రి కరెంటు పోయి అందరం వరండాలో కూర్చున్నాం. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. కోనసీమలో ఆమె పుట్టింటి వెనక చెరువు ఉండేదట. ఆమెకు ఏడెనిమిదేళ్లప్పుడు తమ్ముడొకడు అందులో పడ్డాడట. రెండేళ్లు నిండలేదు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పారట, పొట్ట మీద నొక్కారట. బతకలేదు. ఇంట్లో పదిమంది ఉన్నా తప్పు మాత్రం తల్లిదే అయింది. ఆ తల్లి మరో ముప్పై ఏళ్లు బతికింది గానీ, కొడుకు పేరు ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆరుగురిని కన్న మా అమ్మ, ఇన్నేళ్లలో మాకెవరికీ ఈ మాట చెప్పలేదు.

ప్రతి ఒక్కరూ ఒక కాపరే, తన అధీనంలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని మహాప్రవక్త (స) చెప్పారు. పురుషుణ్ణీ కాపరి అన్నారు, స్త్రీనీ కాపరి అన్నారు. మన ఇళ్లలో మాత్రం పిల్ల నవ్వితే నాన్న పోలిక అంటాం, పడితే అమ్మ నిర్లక్ష్యం అంటాం. ఆ శుక్రవారం మా పిల్లకు ఏదైనా జరిగి ఉంటే వంటింట్లో ఉన్న ఆమెనే అందరూ వేలెత్తి చూపేవారు. అత్తరు రాసుకుంటూ అద్దం ముందు నిలబడిన మమ్మల్ని ఎవరూ అడిగేవారు కాదు.

దాదీమా చెప్పిన మాట మీద ఒక డాక్టరుగారిని అడిగాం. తలకిందులు చేయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం వల్ల మేలేమీ లేదన్నారు. విలువైన నిమిషాలు పోతాయి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ఊపిరి ఆడకపోతే పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఐదుసార్లు మెల్లగా గాలి ఊదాలి. కదలిక లేకపోతే ఛాతీ నడుమ ఒత్తడం మొదలుపెట్టాలి. 30 ఒత్తులకు రెండుసార్లు గాలి ఊదాలి. ఒకరు ఈ పనిలో ఉండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అది వచ్చేదాకా ఆపకూడదు. ఇది కాగితం మీద చదివితే వచ్చే విద్య కాదు. తెలిసినవారి దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. మేం ఇంట్లో ముగ్గురం నేర్చుకున్నాం. ఈత సంగతి ఆరేళ్లు వచ్చాక. మన కాలువల్లో మగపిల్లలు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని నేర్చేవారు. ఆడపిల్లలకు ఎవరూ నేర్పలేదు. మా చిన్నదానికి నేర్పించాలనే ఉంది. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది ఇంకా చూసుకోవాలి.

ఇప్పుడు రోజూ సాయంత్రం తడిక తాడు బిగించి చూసేది దాదీమాయే. మాలో ఎవరు కట్టినా ఆమెకు నమ్మకం లేదు, విప్పి మళ్లీ కడుతుంది. రేవులో పోయిన చెప్పుకు జత చెప్పు బీరువాలో ఉంది. పారేయమని ఎవరూ అనలేదు. పిన్నిగారికి ప్రతి శుక్రవారం మా వంటింటి నుంచి ఓ గిన్నె వెళుతుంది. ఆ గిన్నెలో పెరటి అరటిపళ్లు వేసి ఆవిడ పంపిస్తారు.

నిన్న ఇషా నమాజుకు జానమాజు పరుస్తుంటే చిన్నది తన గుడ్డబొమ్మను ఈడ్చుకుంటూ వచ్చింది. మా చేతిలో పెట్టి, మొహంలోకి చూస్తూ నిలబడింది. "నీ దగ్గల" అంది. మేం ఏమీ అనలేదు. కదలకుండా అలాగే నిలబడింది. "ఊఁ, నా దగ్గర" అన్నాకే వెళ్లిపోయింది.