ది లాటరీ (కథ)

ది లాటరీ అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ (1916–1965) రచించిన చిన్న కథ. ఇది 1948 జూన్ 26 నాటి ది న్యూయార్కర్ పత్రికలో ప్రచురింపబడింది. పైకి ఒక కథ చెబుతూ లోపల మరొక అర్థాన్ని సూచించే రచనను అన్యాపదేశం అంటారు. ఆధునిక సాహిత్యంలో అటువంటి రచనకు ఈ కథ ప్రసిద్ధమైన ఉదాహరణ.

కథాంశం

సుమారు 300 మంది నివసించే ఒక గ్రామంలో జూన్ 27 ఉదయం ప్రజలందరూ కూడలిలో సమావేశమవుతారు. బొగ్గు వ్యాపారి సమ్మర్స్ ఏటా జరిగే లాటరీని నిర్వహిస్తాడు. మొదటి విడతలో ప్రతి కుటుంబం తరఫున ఒకరు నల్లని పెట్టె నుండి చీటీ తీస్తారు. హచిన్‌సన్ కుటుంబం ఎంపికవుతుంది. రెండవ విడతలో బిల్ హచిన్‌సన్, అతని భార్య టెస్సీ, వారి ముగ్గురు పిల్లలు తలా ఒక చీటీ తీస్తారు. నల్లచుక్క ఉన్న చీటీ టెస్సీకి వస్తుంది. ఈ లాటరీలో దక్కేది బహుమతి కాదని, రాళ్ళదెబ్బలతో మరణమని పాఠకునికి చివరలోనే తెలుస్తుంది.

అన్యాపదేశార్థం

రచయిత్రి గ్రామానికి పేరు పెట్టలేదు. కాబట్టి అది ఏ ఊరైనా కావచ్చును. పెట్టె శిథిలమైనా దానిని మార్చడానికి ఎవరూ ఇష్టపడరు. పూర్వపు తంతులో చాలా భాగాన్ని మరచిపోయినా, రాళ్ళను వాడటం మాత్రం వారికి గుర్తుంటుంది. వృద్ధుడైన వార్నర్ లాటరీకి, మొక్కజొన్న పంటకు ముడిపెట్టి, ఈ ఆచారాన్ని విడిచిపెట్టిన ఊళ్ళను నిందిస్తాడు. కారణం తెలియకపోయినా ఆచారం పేరిట హింస కొనసాగగలదని కథ సూచిస్తుంది.

స్త్రీ పురుష పాత్రలు

చీటీ అందరికీ సమానమే అన్నట్లు కనిపించినా, లాటరీ నియమాలు కుటుంబ వ్యవస్థపై ఆధారపడి ఉన్నాయి. కుటుంబం తరఫున చీటీ తీసే హక్కు సాధారణంగా పురుషునిదే. కాలు విరిగిన డన్‌బార్ బదులు అతని భార్య చీటీ తీయవలసి వచ్చినప్పుడు, ఎదిగిన కొడుకు లేడా అని ఆమెను అడుగుతారు. కొడుకుకు ఇంకా 16 ఏళ్ళే కనుకనే ఆమెకు ఆ అవకాశం లభిస్తుంది. పెళ్ళయిన కుమార్తెలు భర్త కుటుంబంలో లెక్కింపబడతారు.

టెస్సీ ఇంటిపనిలో ఉండి ఆలస్యంగా వస్తుంది. భర్తకు చీటీ తీయడానికి తగినంత సమయం ఇవ్వలేదని వాదించేది ఆమె ఒక్కతే. అయితే తమ కుటుంబం ఎంపికైన తరువాతనే ఆమె గొంతు లేస్తుంది. పైగా పెళ్ళయిన తన కుమార్తెను కూడా లెక్కలో చేర్చమని కోరుతుంది. అంటే ఆమె ప్రశ్నించినది లాటరీని కాదు, దాని ఫలితాన్ని మాత్రమే. చివరకు ఆమె చేతిలోని చీటీని బలవంతంగా తీసుకొని అందరికీ చూపేది భర్తే. అంతకుముందు ఆమెతో స్నేహంగా మాట్లాడిన శ్రీమతి డెలక్రోయ్ రెండు చేతులతో ఎత్తవలసినంత పెద్ద రాయిని ఎంచుకుంటుంది. ఆమె చిన్న కుమారుడు డేవీ చేతికి కూడా ఎవరో గులకరాళ్ళు అందిస్తారు. ఈ వ్యవస్థలో బాధితులయ్యే స్త్రీలే దానిని నిలబెట్టడంలో భాగస్వాములు కావడం కథలోని ముఖ్యాంశం.

స్పందన

ఆ వేసవిలో తనకు 300కు పైగా లేఖలు వచ్చాయని, వాటిలో 13 మాత్రమే దయతో కూడినవని జాక్సన్ తరువాత తెలిపింది. ఇటువంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయని, తాము వెళ్ళి చూడవచ్చునా అని కొందరు పాఠకులు అడిగారు. కథ సూచించిన ప్రమాదానికి ఆ ప్రశ్నలే నిదర్శనం.