అంబర్ పుట్టుకను పట్టిచ్చే వంపు

అంబర్ బాల్టిక్ ప్రాంతపు రెసినా కాదా తేల్చడానికి పరారుణ స్పెక్ట్రోమీటర్ గీసే గీతలో ఒక్క వంపు చాలు. అంతకు ముందు ఆ పని రసాయన పరీక్షలది. 1876లో పురావస్తు పరిశోధకుడు ష్లీమన్ గ్రీసులోని మైసీనీ సమాధుల్లో అంబర్ పూసలు తవ్వితీశాడు. వాటిలో సక్సినిక్ ఆమ్లం ఉంది కాబట్టి అవి బాల్టిక్ ప్రాంతానివేనని డాన్‌జిగ్‌కు చెందిన ఓటో హెల్మ్ వాదించాడు. కానీ ఆ ఆమ్లం రుమేనియా అంబర్‌లోనూ దొరుకుతుంది. పైగా పరీక్షకు ఇచ్చిన పూస ఇక తిరిగి రాదు.

పరారుణ పద్ధతి దారి వేరు. అణువులో ప్రతి బంధానికీ తనదైన కంపన పౌనఃపున్యం ఉంటుంది. సరిగ్గా ఆ పౌనఃపున్యమున్న పరారుణ కిరణాన్ని అది మింగేస్తుంది. గాజు కూడా ఈ కిరణాలను చాలావరకు మింగేస్తుంది కాబట్టి పాత యంత్రాల్లో పట్టకాన్ని ఉప్పు స్ఫటికంతో చేసేవారు. తేమ తగిలితే అది మసకబారేది, దాని సంరక్షణే ఒక ఉద్యోగం! నమూనాకూ లవణమే దిక్కు. రెండు మిల్లీగ్రాముల అంబర్‌ను పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి నూరి, గట్టిగా అదిమితే పారదర్శకమైన బిళ్ల తయారవుతుంది.

అమెరికాలోని వాసర్ కళాశాలలో కర్ట్ బెక్ బృందం 1964లో ఇలాంటి గీతల్లోనే అసలు గుర్తు పట్టింది. సెంటీమీటరుకు 1250 నుంచి 1175 తరంగాల మధ్య బాల్టిక్ అంబర్ గీత దాదాపు సమతలంగా సాగి, 1155 దగ్గర ఒక్కసారిగా లోతుకు దిగుతుంది. దీన్ని బాల్టిక్ భుజం అంటారు. రెసిన్ గొలుసులతో సక్సినిక్ ఆమ్లం వేసుకున్న ఎస్టర్ బంధాలే దానికి కారణం. ఆమ్లం ఉందా లేదా అన్నది కాదు, ఎలా ముడిపడిందన్నదే ఇక్కడ కీలకం. సిసిలీ అంబర్‌లో ఈ భుజం కనిపించదు. గాలి తగిలి ఆక్సీకరణం చెందిన పూసల్లో మాత్రం అది ఏటవాలుగా జారుతుంది. పురావస్తువులతో పేచీ అంతా అక్కడే. అయినా మైసీనీ పూసల్లో అత్యధికం బాల్టిక్‌వేనని తేలింది. హెల్మ్ తీర్పు సరైనదే, సాక్ష్యమే బలహీనం.

రెసిన్ వయసుకు 888 దగ్గరి పట్టీ మరో ఆధారం. కోపల్ అనే వయసు తక్కువైన రెసిన్‌లో అది స్ఫుటంగా కనిపిస్తుంది, రెసిన్ ముదిరేకొద్దీ పలచబడుతుంది.

తర్వాత ఫూరియర్ రూపాంతర స్పెక్ట్రోమీటర్లు వచ్చాయి, వాటికి పట్టకం అక్కరలేదు. లేజర్ కాంతి చెదిరే తీరును చూసే రామన్ పద్ధతిలో నమూనాను నూరనక్కరలేదు; అంబర్ వెదజల్లే ప్రతిదీప్తిని తప్పించుకోవడానికి 1064 నానోమీటర్ల లేజర్ వాడతారు. గుజరాత్‌లోని ఖంభాత్ ప్రాంతపు లిగ్నైట్ గనుల్లో దొరికిన, 5 కోట్ల ఏళ్ల నాటి అంబర్ రసాయన స్వభావం మాత్రం బాల్టిక్ రకం కంటే వేరు. అది సాల వృక్షాల కుటుంబానిది.